బ్యాంకులో సొమ్ము నిలిచిపోయినపుడు

సార్వా నాట్లకు కూలీలను మాట్లాడుకొని, ఎరువు బస్తాల కొరకు సొమ్ము తీయుటకు బ్యాంకుకు పోయిన రైతుతో అక్కడి గుమాస్తా “మీ ఖాతా ఆగిపోయినది” అని చెప్పినచో ఆ రైతు స్థితి ఎట్లుండునో కోనసీమ పంచాయతీ సభ్యులకు మేము వేరుగ చెప్పనక్కరలేదు. పాసుపుస్తకములో సొమ్ము కనబడుచునే ఉన్నది. చేతికి మాత్రము రాదు. కాలువకు నీరు వచ్చినది, నారు ముదురుచున్నది, కూలీలు రేపటికి మరొకరి చేనికి పోవుదురు. అట్టి సమయమున ఆ రైతు నడచివచ్చునది సర్పంచి ఇంటికో, వార్డు సభ్యుని అరుగు మీదికో. ఆ ఘడియలో సభ్యుడు చెప్పెడి మాట సరియైనదైనచో పని నాలుగు దినములలో చక్కబడవచ్చును. తప్పు మాటయైనచో నెలలు గడచును. కొన్ని వేళల మధ్యవర్తుల చేతిలో పడి ఉన్న సొమ్ము కూడ పోవును.

అందుచేత ఇట్టి తగవులు ఏల కలుగునో, ఏ తగవునకు ఏ ద్వారము తట్టవలెనో ఇచట విశదపరుపదలచినాము.

డిపాజిటు స్వభావము

1923 నవంబరులో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నమున ఆంధ్రా బ్యాంకును స్థాపించునాటికి పల్లెటూరి సొమ్ము చాలవరకు ఇంటి పెట్టెలోనో, షావుకారు చేతిలోనో ఉండెడిది. 1969 జూలైలో 14 బ్యాంకులును, 1980 ఏప్రిలులో ఆంధ్రా బ్యాంకుతో కూడ మరి 6 బ్యాంకులును జాతీయము చేయబడినవి. 2014 ఆగస్టులో జనధన యోజన ఆరంభమైనది. ఇపుడు ధాన్యపు సొమ్ము, కొబ్బరి సొమ్ము, గల్ఫు దేశములనుండి బిడ్డలు పంపు సొమ్ము అన్నియు ఖాతాల గుండనే నడచుచున్నవి. కనుక ఖాతా ఆగుట యనగా సంసారమే ఆగుట.

ఇచట ఒక మూలసూత్రమును గ్రహింపవలెను. మనము బ్యాంకులో వేసిన సొమ్ము చట్టము దృష్టిలో బ్యాంకు మనకు తీర్పవలసిన బాకీ. అడిగినపుడు చెల్లించుట బ్యాంకు బాధ్యత. చెల్లింపనని చెప్పుటకు బ్యాంకునకు చట్టసమ్మతమైన ఒక కారణము ఉండి తీరవలెను. కావున “నా సొమ్ము ఈయండి” అని బతిమాలుటకు ముందు “ఏ కారణము చేత, ఎవరి ఉత్తర్వు వలన నిలిపినారు?” అని అడుగుట ఖాతాదారుని హక్కు. తగవు పరిష్కారమంతయు ఈ ఒక్క ప్రశ్నకు వచ్చు జవాబుపై ఆధారపడి ఉన్నది.

మూడు మాటలు

శాఖలో సాధారణముగా మూడు మాటలు వినవచ్చును. ‘ఇనాపరేటివ్’ అనగా చిరకాలము లావాదేవీలు లేక ఖాతా నిద్రాణమైనదని అర్థము. ‘ఫ్రీజ్’ అనగా ఖాతా మొత్తము స్తంభించినదని అర్థము. ఇందు పెక్కుసార్లు సొమ్ము లోపలికి వచ్చును గాని వెలుపలికి పోదు. ‘లియన్’ లేక ‘హోల్డ్’ అనగా నిర్ణీతమైన మొత్తము మాత్రమే నిలుపబడినదని అర్థము. తక్కిన సొమ్ము తీసికొనవచ్చును. ఈ మూడింటికి మందులు వేరు. గుమాస్తా ఏ మాట వాడినాడో వ్రాసికొని రమ్మని ఖాతాదారునకు చెప్పుట మంచిది.

బ్యాంకు లోపలి కారణములు

పల్లెలలో అన్నిటికంటె తరచుగా కనబడునది గుర్తింపు పత్రముల సమస్య. దీనినే కె.వై.సి. అందురు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారము సాధారణ ఖాతాదారుల వివరములను 10 సంవత్సరముల కొకసారియు, మధ్యరకము వారివి 8 సంవత్సరముల కొకసారియు, ఎక్కువ జాగ్రత్త అవసరమైన వారివి 2 సంవత్సరముల కొకసారియు సరిచూడవలెను. 2025 జూనులో సవరింపబడిన నిబంధనలు గడువునకు ముందు కనీసము మూడు సార్లు, గడువు దాటిన పిదప మరి మూడు సార్లు బ్యాంకు తెలియజేయవలెనని, ప్రతి దఫాలోను ఒకటైనను ఉత్తర రూపమున ఉండవలెనని చెప్పుచున్నవి. వివరములలో మార్పేమియు లేనిచో ఖాతాదారుడు స్వయముగా వ్రాసియిచ్చిన ప్రకటన చాలును. దానిని గ్రామములోని బ్యాంకు మిత్ర వద్దనైనను ఈయవచ్చును. ముందస్తు ఉత్తరములు అందనిచో ఆ సంగతిని అర్జీలో తప్పక వ్రాయవలెను.

రెండవది నిద్రాణమైన ఖాతా. ఖాతాదారుడు తనంతట తాను రెండు సంవత్సరములకు పైబడి ఏ లావాదేవీయు చేయనిచో ఖాతా ఈ కోవలోనికి పోవును. రాజోలు, మలికిపురము ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయినవారి విషయములో ఇది సామాన్యము. 2024 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన ఆదేశముల ప్రకారము ఇట్టి ఖాతాను మేల్కొలుపుటకు రుసుము తీసికొనరాదు. కనీస నిలువ లేదని జరిమానా వేయరాదు. పొదుపు ఖాతాపై వడ్డీ ఆపరాదు. గుర్తింపు పత్రములను ఆ బ్యాంకు యొక్క ఏ శాఖలోనైనను ఈయవచ్చును. పదేండ్లు దాటిన సొమ్ము రిజర్వు బ్యాంకు నిర్వహించు నిధికి చేరును గాని హక్కు చెడదు. ఖాతాదారుడో, వారసులో ఎపుడైనను అదే బ్యాంకు ద్వారా కోరి పొందవచ్చును. అట్టి సొమ్మును వెదకుటకు 2023 ఆగస్టులో ‘ఉద్గమ్’ అను వెబ్‌సైటు ప్రారంభింపబడినది. దీర్ఘకాలము విదేశములో ఉండువారు సాధారణ పొదుపు ఖాతాను ప్రవాసుల ఖాతాగా మార్పించుకొనవలెనను నియమమును గూడ వారి కుటుంబములకు తెలుపవలెను.

మూడవది చిన్న ఖాతా. పూర్తి గుర్తింపు పత్రములు లేకుండ తెరచిన ఇట్టి ఖాతాలో నిలువ 50,000 రూపాయలకు, సంవత్సరములో జమ 1,00,000 రూపాయలకు, నెలలో తీయు మొత్తము 10,000 రూపాయలకు మించరాదు. కౌలురైతు తన పంట సొమ్మును ఇట్టి ఖాతాలో వేయించుకొన్నచో హద్దు దాటి ఖాతా ఆగును. పత్రములిచ్చి సాధారణ ఖాతాగ మార్పించుటయే దీనికి మందు.

నాలుగవది బ్యాంకుల విలీనము. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో కలిసినది. 2025 మే 1న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు సహా రాష్ట్రములోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకైనవి. పాత చెక్కులు, శాఖల పాత సంకేతములు చెల్లక సొమ్ము తిరిగిపోయిన సందర్భములలో తప్పు ఖాతాది కాదు, సంకేతముది. సొమ్ము పంపువారికి క్రొత్త సంకేతమును తెలుపవలెను.

ఐదవది అప్పునకు జమ కట్టుకొనుట. ఒకే మనిషి అదే హోదాలో అప్పు బాకీపడి, అదే బ్యాంకులో డిపాజిటు కలిగియున్నచో, బ్యాంకు ఆ డిపాజిటును అప్పునకు సర్దుబాటు చేసికొనగలదు. కాని భర్త సొంత అప్పునకు భార్యాభర్తల ఉమ్మడి ఖాతాను గాని, ఒక సభ్యురాలి సొంత అప్పునకు డ్వాక్రా సంఘము ఖాతాను గాని పట్టుట ఆ హోదా సూత్రమునకు విరుద్ధము. హామీదారు సంగతి వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము హామీదారుని బాధ్యత అప్పు తీసికొన్నవానితో సమానము. మొగమాటమునకు హామీ సంతకము చేయు పెద్దలు ఇది గుర్తుంచుకొనవలెను.

ఆరవది మరణము. నామినీ ఉన్నచో మరణ ధ్రువపత్రముతో సొమ్ము నామినీకి చెల్లించెదరు. అయితే నామినీ సొమ్మును అందుకొనువాడే గాని, వారసుల హక్కును హరించువాడు కాడు. 2025 నవంబరు 1 నుండి ఒక ఖాతాకు నలుగురి వరకు నామినీలను వ్రాయించుకొనవచ్చును. పత్రములన్నియు అందిన 15 దినములలో ఇట్టి క్లెయిములను పరిష్కరింపవలెనని 2025లో రిజర్వు బ్యాంకు ఆదేశించినది.

వెలుపలినుండి వచ్చు ఉత్తర్వులు

న్యాయస్థానము జప్తు ఉత్తర్వు పంపవచ్చును. పన్నుల శాఖ తాఖీదు ఈయవచ్చును. పోలీసులు నిలుపుదల కోరవచ్చును. ఈ మూడింటను బ్యాంకు తనంతట తాను ఖాతాను విడువజాలదు. శాఖ మేనేజరుతో కలహించిన ఫలితముండదు. ఉత్తర్వు పంపిన వారి వద్దకే పోవలెను.

వీనిలో ఇటీవల ఎక్కువైనది సైబరు నేరముల నిలుపుదల. ఇది నేరమెరుగని వానికి ఎట్లు తగులునో తెలియుటకు ఒక ఉదాహరణము తీసికొందము. అంబాజీపేట ప్రాంతపు రైతొకడు దింపు తీయించి 86,000 రూపాయల కాయ అమ్మినాడు. వర్తకుడు ఆ సొమ్మును ఫోను ద్వారా రెండు మూడు ఖాతాలనుండి పంపినాడు. అందొక ఖాతాలోనికి అంతకు ముందే, పరరాష్ట్రములో ఎవరినో మోసగించి కాజేసిన సొమ్ములో 12,000 రూపాయలు చేరియున్నవి. మోసపోయిన వ్యక్తి 1930 నంబరునకు ఫిర్యాదు చేసినాడు. పోలీసులు ఆ సొమ్ము జాడను ఖాతానుండి ఖాతాకు వెదకుచు వచ్చి రైతు ఖాతాను చేరినారు. రైతు చేసిన నేరమేమియు లేదు. అయినను ఖాతా ఆగినది.

ఈ విధానము మోసపోయినవాని సొమ్మును కాపాడుటకు ఏర్పడినది, అది అవసరమే. బ్యాంకు ఖాతా కూడ పోలీసులు స్వాధీనపరచుకొనదగిన ఆస్తియేనని సుప్రీంకోర్టు 1999లో తీర్పు చెప్పియున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షను ఆ అధికారమునిచ్చుచున్నది. అయితే అట్లు స్వాధీనపరచుకొన్న సంగతిని వెంటనే మేజిస్ట్రేటునకు నివేదింపవలెనని ఆ సెక్షనే విధించుచున్నది.

పై రైతు చేయవలసినది ఇది. ఫిర్యాదు సంఖ్య, పోలీసు స్టేషను పేరు, రాష్ట్రము, లేఖ తేదీ, వివాదములో ఉన్న మొత్తము అను ఐదు వివరములను మొదట బ్యాంకునుండి వ్రాతమూలకముగా పొందవలెను. పిమ్మట వర్తకుడిచ్చిన లెక్క చీటీ, తూకపు చీటీ, భూమి పాసుపుస్తకపు నకలు, ఖాతా వివరణ జతచేసి ఆ దర్యాప్తు అధికారికి రిజిస్టరు తపాలాలోను, ఈమెయిలులోను అర్జీ పంపవలెను. అందు ముఖ్యముగా కోరవలసినది, ఖాతా మొత్తమును గాక వివాదములోనున్న 12,000 రూపాయలను మాత్రమే నిలిపి తక్కిన 74,000 రూపాయలను విడువుమని. పోలీసుల లేఖలో చూపిన మొత్తమునకే నిలుపుదలను పరిమితము చేయవలెనని కేరళ హైకోర్టు 2023లో బ్యాంకులను ఆదేశించినది. అది మరొక రాష్ట్రపు న్యాయస్థానము తీర్పే అయినను అర్జీలో ఉదహరింపదగినది. జవాబు రానిచో సంహిత 503వ సెక్షను క్రింద సంబంధిత మేజిస్ట్రేటు నాశ్రయింపవచ్చును. స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము కలదు. ఇతరులలో ఆదాయము తక్కువగల వారికిని లభించును. 15100 నంబరునకు ఫోను చేసి వివరములు పొందవచ్చును.

ఇచట ఒక హెచ్చరిక. కమీషను కొరకు తమ ఖాతాను, ఏటీఎం కార్డును పరులకు అద్దెకిచ్చు యువకులు అన్నిచోట్లను బయటపడుచున్నారు. వారి స్థితి పై రైతు స్థితి వంటిది కాదు. నేరపు సొమ్ము దాటించుటకు ఖాతానిచ్చినవాడు నిందితుడగును. ఈ మాటను గ్రామసభలో ఎన్ని మార్లు చెప్పినను అధికము కాదు.

అర్జీ వ్రాయు విధము

నోటిమాటకు సాక్ష్యము లేదు. ఎంత చిన్న తగవైనను మొదటి దినముననే శాఖ మేనేజరునకు వ్రాతపూర్వకముగ అర్జీ ఇచ్చి, నకలుపై ముద్ర, తేదీ వేయించుకొనవలెను. అర్జీ ఈ రీతిగ ఉండవచ్చును:

“అయ్యా, మీ శాఖలో నాకు గల పొదుపు ఖాతానుండి ఫలానా తేదీన సొమ్ము తీయబోగా చెల్లింపు నిరాకరింపబడినది. నిలుపుదల ఏ కారణమున, ఏ తేదీనుండి, ఎంత మొత్తము మేరకు జరిగినదో, వెలుపలి అధికారి ఉత్తర్వు ఉన్నచో ఆ అధికారి పేరు, లేఖ సంఖ్య, తేదీ ఏవో వ్రాతమూలకముగా తెలుపగోరెదను. బ్యాంకు కోరు పత్రములేవైన ఉన్నచో వాని జాబితా ఇప్పింపగోరెదను. సొమ్ము నాకు వ్యవసాయ ఖర్చులకు అత్యవసరము. నాకు అందిన నోటీసులు: ఏవియు లేవు.”

ఈ ఉత్తరములో కోపము లేదు, బతిమాలుట లేదు. జవాబు చెప్పక తప్పని ప్రశ్నలు మాత్రమే ఉన్నవి.

తట్టవలసిన ద్వారములు

శాఖలో పని కానిచో అదే బ్యాంకు ఫిర్యాదుల విభాగమునకు వ్రాసి ఫిర్యాదు సంఖ్య పొందవలెను. 30 దినములలో జవాబు రాకపోయినను, వచ్చిన జవాబు తృప్తికరము కాకపోయినను, ఆలస్యము చేయక రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. 1995లో బ్యాంకుల కొరకు ఆరంభమైన ఈ ఏర్పాటు 2021 నవంబరు 12న తక్కిన ఆర్థిక సంస్థల అంబుడ్స్‌మన్ పథకములతో కలిసి ఒకే పథకమైనది. రుసుము లేదు, వకీలు అవసరము లేదు. రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో గాని, చండీగఢ్‌లోని సెక్టారు 17లో ఉన్న రిజర్వు బ్యాంకు కేంద్రీకృత స్వీకరణ కేంద్రమునకు తపాలాలో గాని పంపవచ్చును. 14448 నంబరునకు ఫోను చేసి సలహా పొందవచ్చును. 2025 నవంబరు 1 నుండి రాష్ట్ర సహకార బ్యాంకులు, జిల్లా కేంద్ర సహకార బ్యాంకులు కూడ ఈ పథకములోనికి వచ్చినవి. బ్యాంకును దాటి మొదటనే అంబుడ్స్‌మన్‌కు వ్రాసిన ఫిర్యాదు తిరస్కరింపబడును. న్యాయస్థానములో ఉన్న విషయమును ఆయన విచారింపడు.

జిల్లా వినియోగదారుల కమిషను మరొక మార్గము. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవలెను. 5 లక్షల రూపాయల లోపు విలువగల ఫిర్యాదులకు రుసుము లేదు. జిల్లాలోని బ్యాంకులను సమన్వయపరచు లీడ్ బ్యాంకు మేనేజరుకు ఒక ప్రతి పంపుట కూడ ఉపయోగకరము. పలువురికి ఒకే కష్టము కలిగినపుడు ఇది మరింత పనిచేయును.

సంస్థయే కష్టములో పడినపుడు

పై తగవులన్నిటను బ్యాంకు నిలుకడగనే ఉన్నది. సంస్థయే కూలినచో మార్గము వేరు. 1960లో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడిన పిదప డిపాజిటుల భీమా చట్టము వచ్చినది. 1962లో ఆరంభమైనపుడు భీమా 1,500 రూపాయలు. 2020 ఫిబ్రవరి 4 నుండి అది 5 లక్షలు. ఒక బ్యాంకులో ఒక వ్యక్తికి అసలు, వడ్డీ కలిపి ఈ మేరకు రక్షణ కలదు. రిజర్వు బ్యాంకు ఒక బ్యాంకుపై చెల్లింపుల ఆంక్షలు విధించినపుడు 90 దినములలో భీమా సొమ్ము చెల్లింపవలెనని 2021లో చట్టము సవరింపబడినది.

ఈ భీమా బ్యాంకులకే గాని ప్రతి సహకార సంఘమునకు లేదు. జిల్లా కేంద్ర సహకార బ్యాంకునకు ఉన్నది. గ్రామములోని ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములో వేసిన డిపాజిటునకు లేదు. పరస్పర సహాయక సంఘములకును లేదు. 2022లో కాకినాడ కేంద్రముగా నడచిన జయలక్ష్మి పరస్పర సహాయక సహకార సంఘము శాఖలు మూతపడగా వేలాది డిపాజిటుదారుల సొమ్ము చిక్కుపడినది. వారిలో పదవీ విరమణ సొమ్మంతయు అచటనే దాచుకొన్న వృద్ధులున్నారు. దర్యాప్తు రాష్ట్ర సి.ఐ.డి. చేపట్టినది. అట్టిచోట అంబుడ్స్‌మన్ ఉపయోగపడడు. సహకార శాఖ అధికారులు, పోలీసులు, 1999 నాటి డిపాజిటుదారుల రక్షణ చట్టము దారి చూపవలసియుండును. అధిక వడ్డీ చూపిన సంస్థలో సొమ్ము వేయుటకు ముందు “దీనికి డిపాజిటు భీమా ఉన్నదా?” అని అడుగుట ఆ దారి కంటె సులభము.

పంచాయతీ పాత్ర

పంచాయతీ సభ్యుడు న్యాయాధికారి కాడు, బ్యాంకు అధికారియు కాడు. అయినను ఆయన చేయదగిన పనులు కొన్ని ఉన్నవి. సంవత్సరమున కొకసారియైనను బ్యాంకు మిత్రను, శాఖ సిబ్బందిని గ్రామమునకు పిలిపించి గుర్తింపు పత్రముల శిబిరము పెట్టింపవచ్చును. సార్వా, దాళ్వా పెట్టుబడులకు ముందు ఈ పని జరుగుట మేలు. 2022 జూలై వరదలలో లంక గ్రామములు మునిగినపుడు ఇంటిలోని కాగితములను గూడ కాపాడుకొనవలసివచ్చినది. పాసుపుస్తకపు మొదటి పుట, ఆధారు నకలు వేరుచోట భద్రపరచుమని ప్రతి కుటుంబమునకు చెప్పవచ్చును. చదువురాని వారికి అర్జీ వ్రాసిపెట్టి, నకలు వారి చేతికే ఈయవలెను.

పంచాయతీ ఖాతాకును, డ్వాక్రా సంఘముల ఖాతాలకును ఇదే జాగ్రత్త వలయును. సంతకము చేయువారు మారిన వెంటనే తీర్మానపు నకలును, క్రొత్త సంతకముల నమూనాను బ్యాంకునకు అందజేయనిచో, వీధి దీపముల బిల్లుకైనను సొమ్ము కదలదు.

సభ్యులు చేయరాని పనులును కలవు. ఇతరుల పాసుపుస్తకములు, కార్డులు, రహస్య సంఖ్యలు తమ వద్ద ఉంచుకొనరాదు. “కె.వై.సి. చేసెదము, మీకు వచ్చిన సంఖ్య చెప్పుడు” అని ఫోను చేయువారిని గాని, రుసుము తీసికొని ఖాతా విడిపించెదమను దళారులను గాని గ్రామములో నమ్మనీయరాదు. ఖాతా విడిపించుటకు పైన చెప్పినవి తప్ప దొడ్డిదారి లేదు.

మరునాడు మీ అరుగు మీదికి ఆ రైతు వచ్చినపుడు అడుగవలసినవి మూడు ప్రశ్నలు: నిలిపినది బ్యాంకా, వెలుపలి అధికారియా? నిలిచినది ఖాతా అంతయా, కొంత మొత్తమా? జవాబు కాగితము మీద ఉన్నదా? ఈ మూడింటికి సమాధానము దొరికినచో పోవలసిన ద్వారము తెలిసినట్లే. కాగితము లేనిచో అదే దినమున ఆయనను వెంటబెట్టుకొని బ్యాంకుకు పోయి, అర్జీ ఇప్పించి, ముద్ర వేయించుకొని రండు. నారు ముదురకముందే సొమ్ము చేతికందుటకు మీరు చేయగల మొదటి సాయము అదియే.